పెరుగు పుట్టిన తేదీ

ప్రభుత్వం చేసే ప్రతి పనిలోనూ మంచిని వెతకడం నాకు అలవాటు. వెతికినప్పుడల్లా దొరుకుతుందని కాదు. నేను ఇన్సూరెన్సు ఏజెంటుని. మధ్యాహ్నం ఎండలో చావు గురించి మాట్లాడడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి వెతుక్కునే తీరిక నాకు బోలెడు. హోటళ్లలో వడ్డించే ప్రతి పదార్థం మీదా తయారీ తేదీ, గడువు తేదీ వేసి తీరాలని ఉత్తర్వు వచ్చినప్పుడు ఊరంతా గొణుక్కుంది. మంచి పని చేశారని మెచ్చుకున్నవాణ్ని నేనొక్కణ్నే. నోట్లో పెట్టుకునే ముందు మనిషి తాను తినేది ఎప్పటిదో తెలుసుకోవాలి కదా.

మాది గోదావరి కాలవ గట్టు మీది చిన్న మున్సిపాలిటీ. ఉత్తర్వు వచ్చిన కొద్ది రోజులకే ఊరి రూపు మారిపోయింది. స్టేషన్ దగ్గర బజ్జీల బండాయన వేడి బజ్జీ మీద చీటీ అంటించబోతే నూనెకు జారిపోయేది. చివరికి మిరపకాయ తొడిమకు దారం కట్టి చీటీ వేలాడదీశాడు. టిఫిన్ హోటళ్లలో ఇడ్లీ మీద సిరా ఆరేదాకా ఇడ్లీ చల్లారేది. ఒకాయన తొందరలో చీటీతో సహా మింగేశాడు గానీ, తేదీ సరిగానే ఉంది కాబట్టి ఆయనకేమీ కాలేదు.

ఆ ఉత్తర్వులో ఒక చిన్న నిబంధన ఉంది. ఒక పదార్థంలో రకరకాల వస్తువులు కలిస్తే, వాటిలో అన్నిటికన్నా పాతదాని తేదీయే ఆ పదార్థం తేదీ అవుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ చారులో వేసే చింతపండు నిరుటిది కాబట్టి పొద్దున కాచిన చారు కూడా నిరుటిదే అయి కూర్చుంది. హోటల్ యజమానులు జిల్లా ఆఫీసుకు వెళ్లి కాళ్లావేళ్లా పడితే, చింతపండు, పప్పులు, ఉప్పు, ఊరగాయలు నిలవ సరుకులని చెప్పి వాటికి మినహాయింపు ఇచ్చారు. పెరుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. పెరుగు గురించి ఎత్తాల్సిన సంగతి ఉంటుందని ఎవరికీ తోచలేదు.

నేను అద్దెకుండేది పేరిందేవి గారి మెస్సు మీది గదిలో. రెండు పూటలా భోజనం కిందే. ఆవిడకు అరవై దాటాయి, భర్త పోయి చాలాకాలమైంది, ఇద్దరు వంటవాళ్లను పెట్టుకుని మెస్సు నడుపుతుంది. కూరలు గొప్పవని ఆవిడ కూడా చెప్పుకోదు. జనం వచ్చేది పెరుగు కోసం. కోర్టు పని మీద పక్క మండలాల నుంచి వచ్చేవాళ్లు, వాయిదా పడినా సరే, పేరిందేవి గారి పెరుగన్నం తిన్నాం కదా అని తృప్తిగా బస్సెక్కుతారు. గుమ్మం మీద బోర్డు కూడా అదే చెబుతుంది: పేరిందేవి మెస్, అత్తగారి నాటి పెరుగు.

మా సందులో ఒక ఆచారం ఉంది. కొత్తగా ఎవరు కాపురానికి దిగినా, సామాను సర్దుకోకముందే ఆ ఇంటి ఇల్లాలు చిన్న గ్లాసు పట్టుకుని పేరిందేవి గారి పెరటి గుమ్మంలో నిలబడుతుంది. ఆవిడ ఓ చెంచాడు పెరుగు తోడుకు పోసి పంపుతుంది. ఎవరూ డబ్బు ఇవ్వరు, ఎవరూ థాంక్సు చెప్పరు. ఆ చెంచాడుతో ఆ ఇంట్లో పాలు తోడుకుంటాయి, మర్నాటికి ఆ ఇల్లు మా సందు ఇల్లయిపోతుంది.

ఉత్తర్వును అమలు చేయడానికి మా ఊళ్లో ఉన్న ఆహార భద్రతాధికారి పేరు కూర్మారావు. శ్రీకాకుళం వైపు మనిషి. కూతురి కాలేజీ చదువు కోసం ఏడాది కిందట కోరి ఈ జిల్లాకు బదిలీ చేయించుకున్నాడు. నిజాయితీపరుడు, కాఫీ కూడా తన డబ్బుతోనే తాగుతాడు. ఆయనకున్న బాధ ఒక్కటే. కోరి బదిలీ అయినవాడికి పాత సర్వీసు కలవదట. అక్కడ చేసిన పదహారేళ్ల ఉద్యోగం గాలికి పోయి, ఇక్కడ నిన్నగాక మొన్న చేరిన కుర్రాళ్ల కింద చేరాడు. ఈ సంగతి ఆయన వంకాయలు తనిఖీ చేస్తూ కూడా చెప్పేవాడు. విన్నవాళ్లందరికీ జాలేసేది గానీ జాలికి సీనియారిటీ పెరగదు.

ఒక మధ్యాహ్నం నేను పెరుగన్నం కలుపుకుంటుండగా కూర్మారావు మెస్సులోకి వచ్చాడు. పప్పు మీద చీటీ చూశాడు, కూర మీద చీటీ చూశాడు, తల ఊపాడు. పెరుగు గిన్నె దగ్గర ఆగాడు. దాని మీద చీటీ ఉంది గానీ ఖాళీగా ఉంది.

"దీని తయారీ తేదీ నమోదు కాలేదు," అన్నాడు.

"రాత్రి తోడేశానండి," అంది పేరిందేవి గారు.

"దేనితో?"

"నిన్నటి పెరుగుతోనండి. ఇంక దేంతో వేస్తారు?"

"మరి నిన్నటి పెరుగు?"

"మొన్నటి దాంతో."

కూర్మారావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. మొన్నటి నుంచి అటుమొన్నటికి, అక్కడి నుంచి కిందటి నెలకు, అక్కడి నుంచి కిందటేడుకు ఒక్కో మెట్టే దిగుతూ వెళ్లాడు. పేరిందేవి గారు ఎక్కడో ఒకచోట తెలీదని చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ ఆవిడ నోరు అవసరానికి మించి మంచిది. పైగా అడిగింది పెరుగు గురించి. ఆవిడ కొంగు దోపుకుని ఉత్సాహంగా మొదలుపెట్టింది.

"మా అత్తయ్యగారు చెల్లాయమ్మ గారండి. పెళ్లై కాపరానికి పడవ మీద వచ్చారు. దార్లో కాలవకి గండి పడి పడవ ఆగిపోయిందంట. అందరూ నగలమూటలు పట్టుకుని కూర్చుంటే, ఆవిడ ఒళ్లో కంచు గిన్నె పెట్టుకు కూర్చున్నారంట. గట్టు మీద ఇళ్లలో పాలు అడుక్కుని, ఆ పడవలోనే రోజూ తోడేసుకుంటా తెచ్చారండి. బంగారం ఏపాటి తెచ్చారో నాకు తెలీదు బాబూ, ఈ తోడు మట్టుకు తెచ్చారు. నాకప్పజెప్పి పోయారు. ఒక్క పూట తప్పలేదండి. ఆవిడ పోయిన రోజున కూడా ఏడ్చుకుంటానే తోడేశాను."

నేను ముద్ద దించి ఎడమ చేత్తో కళ్లు తుడుచుకున్నాను. కూర్మారావుకూ కళ్లు మెరిశాయి, అయితే కారణం వేరు. ఆ గండి ఎప్పుడు పడిందని అడిగాడు. తెల్లదొరలు ఉన్నప్పుడని చెప్పింది. ఆయన చీటీ తీసుకుని, తయారీ తేదీ దగ్గర 'స్వాతంత్ర్యానికి పూర్వం' అనీ, గడువు తేదీ దగ్గర 'స్వాతంత్ర్యానికి పూర్వమే' అనీ రాసి, లేచి నిలబడ్డాడు.

"అమ్మా, తమరు బ్రిటిష్ వారి హయాంలో తయారైన పదార్థమును ప్రజలకు వడ్డించుచున్నట్లు ప్రాథమికంగా నిర్ధారణ అయినది," అన్నాడు.

నేను మర్యాదగానే కల్పించుకున్నాను. ఆ నాటిది ఈ గిన్నెలో ఎంత మిగిలి ఉంటుంది సార్ అని అడిగాను. పరిమాణం ప్రసక్తి నిబంధనలో లేదనీ, ఉన్నదా లేదా అన్నదే చట్టం చూస్తుందనీ ఆయన చెప్పాడు. ఆ మాట నిజమే. నేను విస్తట్లో పెరుగన్నం వైపు చూసుకున్నాను. కిందటి శతాబ్దపు తిండి తింటున్నానని తెలిశాక కూడా ఎందుకో మానాలనిపించలేదు.

ప్యాకెట్ పెరుగు వాడుకోవచ్చని ఆయన సలహా ఇచ్చాడు. దాన్నీ తోడుతోనే కదా చేస్తారని నేనంటే, ఆ తోడు ఫ్యాక్టరీ నుంచి సీలు వేసిన పొట్లంలో వస్తుందనీ, పొట్లం మీద తేదీ ఉంటుందనీ అన్నాడు. తేదీ అంటే అచ్చులో ఉన్నదే. అచ్చులో లేనిది వయసు మాత్రమే.

"ఎందుకమ్మా ఈ పాత సంత. మా ఇంట్లో మా ఆవిడ తోడేస్తుంది, ఒకసారి వచ్చి చూడండి. రాత్రి పాలు, పొద్దున్న పెరుగు. పెరుగంటే అలా ఉండాల," అని కూడా అన్నాడు.

పేరిందేవి గారు ఏదో అనబోయి ఆయన ముఖం చూసి ఊరుకుంది. భయపడిందని నేననుకున్నాను.

చెల్లాయమ్మ గారి కంచు గిన్నెకు గుడ్డ చుట్టి, లక్క కరిగించి సీలు వేశారు. ప్రయోగశాల నివేదిక వచ్చాక ధ్వంసం చేస్తామనీ, అప్పటిదాకా సీలు తీసినా, అందులో ఏమి కలిపినా నేరమనీ చెప్పి, అలమరలో పెట్టించి వెళ్లారు. ఆవిడ అలమర ముందు నేల మీద చతికిలబడింది. నోటీసు గురించీ, జరిమానా గురించీ ఆవిడ ఒక్క మాట అడగలేదు.

"రోజూ పాలు పొయ్యకపోతే అది బతకదు బాబూ. ఈ ఎండల్లో నాలుగు రోజులు కూడా ఆగదు," అంది.

మిరపకాయ తొడిమలతో, చింతపండుతో పాలు తోడేసి చూసింది. అవి విరగలేదు, పేరుకున్నాయి, అంతవరకే. మర్నాడు దాన్నే తోడుకు వాడితే మళ్లీ నిన్నటిది కలిసినట్టవుతుంది కాబట్టి రోజూ తొడిమలే దిక్కు. కోర్టు పక్షులు ఒక ముద్ద తిని, ముఖాలు చూసుకుని, మజ్జిగ కూడా అడక్కుండా లేచిపోయారు.

సందులో ఇళ్లన్నిటా ఆవిడ తోడే కదా, ఎవరినైనా ఒక చెంచాడు అడగమని నేను చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. గ్లాసు పట్టుకుని పక్కింటికి బయల్దేరే సమయానికి సందు మొగలో మైకు ఆటో ఆగింది.

"పౌరులకు ముఖ్య గమనిక. పేరిందేవి మెస్ పెరుగు గాని, దాని కూతుళ్లు, మనవరాళ్లు, మునిమనవరాళ్లు గాని మీ ఇంట ఉన్నచో తక్షణం వార్డు సచివాలయంలో అప్పగించవలెను. దాచినవారు శిక్షార్హులు."

కూర్మారావు ఆలోచనకు నేను జోహార్లు అర్పిస్తున్నాను. కారులో బ్రేకు బాగోలేకపోతే ఆ రకం కార్లన్నీ కంపెనీ వెనక్కి పిలిపిస్తుంది. అలాగే చెడిపోయిన పెరుగు నుంచి పుట్టిన పెరుగంతా వెనక్కి రావాలని ఆయన తేల్చాడు. మర్నాటి నుంచి సచివాలయం ముందు గిన్నెల క్యూ. బల్ల దగ్గర గుమాస్తా ఒక్కొక్కరినీ మీ పెరుగు తల్లి ఎవరు, అమ్మమ్మ ఎవరు అని అడిగి వంశవృక్షం గీసేవాడు.

ముందు అందరూ మాది కాదంటే మాది కాదన్నారు. ప్లీడరు వరాహమూర్తి గారు తమ పెరుగు భార్య పుట్టింటి నుంచి వచ్చినదనీ, ఈ సందుతో దానికి ఎలాంటి సంబంధమూ లేదనీ అఫిడవిట్ దాఖలు చేశారు. వెనక నిలబడ్డ ఎదురింటావిడ వెంటనే, "మొన్న శ్రావణంలో మా గుమ్మంలోకి గ్లాసట్టుకొచ్చింది మీ ఆవిడ కాదాండి?" అంది. ప్లీడరు గారి జీవితంలో సాక్షిని ప్రశ్నించకుండా వదిలేసింది ఆ ఒక్కసారే. ఎప్పుడో మాటలు మానేసిన ఇద్దరు తోడికోడళ్లది ఒకటే పెరుగని తేలింది. మెస్సు పెరుగు మొఖం కూడా చూడనని శపథం చేసిన ఎదురు హోటలాయన గిన్నెలోదీ అదే. అత్తారిళ్లకు వెళ్లిన ఆడపిల్లలు చిన్న సీసాల్లో పట్టుకుపోయిన తోడు పక్క జిల్లాల్లోనూ, హైదరాబాదు అపార్టుమెంట్లలోనూ దొరికింది. ఆ ఊళ్ల అధికారులకు వర్తమానాలు వెళ్లాయి. వచ్చినదంతా ఊరి బయట గోతిలో పోసి బ్లీచింగ్ పౌడరు చల్లారు. కాలవలో పోయనివ్వలేదు, చేపలకు గడువు దాటినది పెట్టకూడదట.

పేరిందేవి గారిని కూడా పిలిచి, ఎవరెవరికి పోశావో చెప్పమన్నారు. తోడు పోసి పేర్లు చెప్పుకోవడం తమ ఇంటావంటా లేదని ఆవిడ చెప్పి వచ్చేసింది. దర్యాప్తుకు సహకరించనందుకు ఇంకో నోటీసు అంటించారు. ఆవిడ చెప్పకపోయినా ఏ లోటూ రాలేదు, ఇరుగుపొరుగులు ఒకరి గుట్టు ఒకరు శ్రద్ధగా చెప్పుకున్నారు. నూటికి నూరు శాతం వెనక్కి రప్పించినట్టు కూర్మారావు జిల్లాకు నివేదిక పంపాడు. రాష్ట్రంలో ఏ వస్తువూ ఇప్పటిదాకా నూటికి నూరు శాతం వెనక్కి రాలేదని ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

ఇక మిగిలింది అలమరలో సీలు వేసిన గిన్నె ఒక్కటే. ప్రయోగశాల నివేదిక వచ్చి, రేపు ధ్వంసం చేస్తారనగా, పేపర్లో వచ్చిన 'తెల్లదొరల నాటి పెరుగు' వార్త చూసి పురావస్తు శాఖ సహాయ సంచాలకులు డాక్టర్ భార్గవరామయ్య గారు జీపు దిగారు. చేతిలో భూతద్దం, మెత్తటి బ్రష్షు. అంత పాత వస్తువును తమ అనుమతి లేకుండా ధ్వంసం చేయడం, కదల్చడం, శుభ్రం చేయడం కూడా చట్టవిరుద్ధమని ఆయన ప్రకటించారు. కూర్మారావు సీలు పక్కన తమ సీలు వేయించి, అలమరకు నీలం బోర్డు తగిలించారు: ఇది రక్షిత పెరుగు. దీనిని పాడుచేసిన వారు శిక్షార్హులు.

ఆ బోర్డు పెట్టే నాటికే పెరుగు దానంతటదే పాడవడం మొదలైంది. వాసన ముందు అలమర దాటింది, తర్వాత వంటగది దాటింది. పేరిందేవి గారు ఒక గ్లాసుడు పాలు పోయనివ్వమని రెండు శాఖలనూ బతిమాలింది. పాలు పోస్తే గడువు దాటిన పదార్థాన్ని పొడిగించినట్టవుతుందని ఒకరు, ప్రాచీన వస్తువుకు ఆధునిక వస్తువును అతికించినట్టవుతుందని ఒకరు ఒప్పుకోలేదు. మూడు వారాలుగా ఒకరి మాట ఒకరికి పడని ఇద్దరూ ఏకీభవించినది ఈ విషయంలోనే.

చివరికి జాయింట్ కలెక్టరు గారు స్వయంగా వచ్చి ఉమ్మడి తనిఖీ జరిపించారు. ముక్కులకు రుమాళ్లు కట్టుకుని రెండు సీళ్లూ తీశారు. లోపల పచ్చగా, నల్లగా బూజు పట్టి అడుగున ఏదో మిగిలింది. ముందుగా కూర్మారావు గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఈ పదార్థము గడువు దాటినదని మా శాఖ మొదటే తెలియజేసియున్నది," అన్నాడు.

"ఈ పచ్చదనం ప్రాచీనతకు తిరుగులేని నిదర్శనం," అన్నారు భార్గవరామయ్య గారు.

రెండు శాఖల వాదనా రుజువైందని జాయింట్ కలెక్టరు గారు ఇద్దరినీ అభినందించి కారెక్కారు. గిన్నెలో ఇక పెరుగన్నదే లేదు కాబట్టి కేసు కూడా లేదన్నారు. అందరూ వెళ్లిపోయాక పేరిందేవి గారు ఆ గిన్నెను చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమి, తుడిచి, బోర్లించింది. అన్నాళ్లలో ఆ గిన్నె ఒక్క పూట కూడా బోర్లించి ఉండగా చూసినవాళ్లు లేరు. నాకు చట్టం మీద మొట్టమొదటిసారి కోపం వచ్చింది. అలవాటు లేని కోపం కావడంతో దాన్ని ఏం చేసుకోవాలో తెలీక గదిలోకి పోయి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మేడ మీదకు వచ్చింది. బోర్డు మీద అత్తగారి నాటి పెరుగు అన్న మాటలు చెరిపించడానికి పెయింటరును పిలవమంది. నేను సరేనన్నాను. ఆవిడ కదలకుండా కొంగు చివర ముడివేస్తూ నిలబడింది.

"ఇంకో ఇల్లుంది బాబూ. పాపం, ఆ అమ్మాయిని ఇరికించడం ఇష్టం లేక నోరు మెదపలేదు. ఇప్పుడింక అడక్క తప్పదు. తోడు రా."

ఎవరిల్లని అడిగాను. చెప్పింది. నేను చొక్కా తిరగేసి తొడుక్కున్నానని మెట్లు దిగాక గానీ తెలీలేదు.

కూర్మారావు ఇంటి పెరటి గుమ్మంలోంచి చూస్తే భోజనాల బల్ల కనిపిస్తుంది. ఆయన క్యాంపుకు వెళ్లే ముందు చద్దన్నంలో పెరుగు కలుపుకుని తింటున్నాడు. పేరిందేవి గారు గ్లాసు పట్టుకుని గుమ్మం బయటే నిలబడింది. ఆయన భార్య హైమావతి చూసి గబగబా వచ్చింది.

"రండి పిన్నిగారూ, ఏటిలాగొచ్చారు?"

"కాస్త తోడు కావాలమ్మా."

"నన్నడగడమేటండి, మీరిచ్చిందే కదా. మేం సామాన్లు దించిన రోజు నా గ్లాసులో చెంచాడు పోశారు. ఆ రోజు నుంచి ఒక్కనాడు తప్పనివ్వలేదు," అంది హైమావతి, గ్లాసు అందుకుంటూ.

బల్ల దగ్గర ముద్ద సగంలో ఆగింది. కూర్మారావు మెల్లగా తల తిప్పి, ఇది దేనితో తోడేశావని భార్యను అడిగాడు. నిన్నటి దాంతో అంది. నిన్నటిది? మొన్నటిది. ఈసారి ఆయన ఒక్కొక్క మెట్టూ దిగుతుంటే ముఖంలో రంగు కూడా దానితోపాటు దిగింది. జిల్లాలో చేరిన రోజు దగ్గరికి వచ్చి ఆగాడు. ఆ మెట్టు కింద పేరిందేవి గారి పెరడు, దాని కింద పడవ, దాని కింద తెల్లదొరలు. ఏడాదిగా రెండు పూటలా ఆయన దాన్నే తిన్నాడు. నూటికి నూరు శాతం అన్న నివేదిక మీద సంతకం ఆయనది. గోడకు ప్రశంసాపత్రం అద్దం కట్టించి తగిలించి ఉంది.

హైమావతికి సంగతి అర్థమైంది. "నోటీసు ఇస్తే ఇద్దురు గాని, ముందు కంచం ఖాళీ చెయ్యండి," అంది.

ఆయన కంచంలోకి చూశాడు. ఆ మనిషిలో నిజాయితీ ఒక పక్క, పెరుగన్నం ఒక పక్క లాగుతుంటే నాకు జాలేసింది. పేరిందేవి గారి చేతిలో గ్లాసు లేదు గానీ వేళ్లు ఇంకా గ్లాసు పట్టుకున్నట్టే ఉన్నాయి. ఆయన ఒక్క మాటంటే హైమావతి గిన్నె కూడా గోతిలోకి పోతుంది. ఇక ఎక్కడా లేదు. ఆయన ముద్ద కంచంలో దించి భార్య వైపు తిరిగాడు.

"ఈ పెరుగు తనంతట తాను రాలేదు. నువ్వు అడిగితే వచ్చింది."

"అవును, నేనే అడిగి తెచ్చుకున్నాను."

"అంటే కోరి బదిలీ అయినది," అన్నాడు కూర్మారావు. ఆయన వెన్ను నిటారు అయింది, ఆఫీసు భాష తిరిగొచ్చింది. "కోరి బదిలీ అయినచో పూర్వపు సర్వీసు పరిగణింపబడదు. చేరిన తేదీయే తొలి తేదీ. పదహారేళ్లు నేను ఎక్కడా పని చేయనట్టే అని సర్కారు నాకు రాతపూర్వకంగా తెలియజేసినది. మనిషికి వర్తించినది పెరుగుకు వర్తించదని ఎవరంటారో చూస్తాను."

అలా అయినా ఈ ఇంటి పెరుగు మీరు చేరిన నాటిదే కదా, అప్పటికీ గడువు దాటినట్టే కదా అని నేను అనుమానం వెలిబుచ్చాను. చట్టం విషయంలో నా నోరు ఊరుకోదు. పేరిందేవి గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కూర్మారావు మాత్రం సంతోషించాడు.

"ఈ రోజు ఈవిడ కోరినారు. ఈ గుమ్మం దాటిన క్షణం నుంచీ అది ఈ రోజుదే. రేపు మా ఆవిడ వెళ్లి కోరుతుంది, అది రేపటిదవుతుంది. ఏ ఇంటి తోడు ఆ ఇంట్లో వాడినవారే నేరస్తులు."

హైమావతి చెంచాడు కాదు, గ్లాసు నిండా పోసింది. పేరిందేవి గారు అక్కడే గుమ్మంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. మేమందరం ప్రయోగశాల నివేదిక కోసం చూసినట్టు ఆవిడ ముఖంలోకి చూస్తూ నిలబడ్డాం.

"అత్తయ్యగారిదే," అంది. కళ్లు తుడుచుకోవడానికి ఆవిడ చెయ్యి ఖాళీగా లేదు.

నెల తిరక్కుండా పెరుగు బదిలీ మార్గదర్శకాలు జిల్లా అంతటా అమలులోకి వచ్చాయి. ప్రతి ఇల్లూ, ప్రతి హోటలూ రోజూ వేరే ఇంటి నుంచి నోటిమాటగా కోరి తోడు తెచ్చుకోవాలి. దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వని ఆచారాన్ని గౌరవించి, ఆ తర్వాత జరిగిన బదిలీలు చెల్లవని కూడా చేర్చారు. ఇప్పుడు రోజూ సాయంత్రం మా ఊరి సందుల నిండా గ్లాసులు పట్టుకుని తిరిగే జనమే. ప్లీడరు గారి భార్య ఎదురింటి గుమ్మంలో నిలబడి అడగక తప్పలేదు. తోడికోడళ్లు అవసరం కొద్దీ మాట కలిపారు, రెండో వారానికి అవసరం లేకుండా కూడా మాట్లాడుకుంటున్నారు. పురావస్తు శాఖ వారు మాత్రం, పూర్వ సర్వీసు లేని వస్తువు తమ పరిధిలోకి రాదని రాసి, నీలం బోర్డు విప్పుకుపోయారు.

మెస్సుకు జనం తిరిగి వచ్చారు. కంచు గిన్నె మళ్లీ బోర్లించలేదు. దాని మీద చీటీలో తయారీ తేదీ దగ్గర ప్రతిరోజూ ఆ రోజు తేదీయే ఉంటుంది. గుమ్మం మీద బోర్డులో అత్తగారి నాటి పెరుగు అన్న మాటలు కూడా అలాగే ఉన్నాయి. నేను పెయింటరును పిలవడం మర్చిపోయాను.

మొన్న ఆదివారం కూర్మారావు నా పక్క బల్ల దగ్గర కూర్చుని భోజనం చేశాడు. డబ్బు ముందే ఇచ్చేశాడు. పెరుగు వడ్డించాక చీటీ చదివి, తల ఎత్తి బోర్డు చూసి, మళ్లీ చీటీ చూశాడు. రెండిటికీ పొంతన లేదని ఎవరికైనా తెలుస్తుంది. ఇప్పుడేమంటాడోనని నా చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి మింగాడు.

"పాత సర్వీసు కాగితంలో పోయిందండీ," అన్నాడు నాతో, ఎవరి సర్వీసో చెప్పకుండా. "ఇందులో చూడండి, ఎక్కడికీ పోలేదు."

పేరిందేవి గారు గరిటె పట్టుకుని వచ్చి, ఇంకాస్త వేయమంటారా బాబూ అని అడిగింది. ఆయన బోర్డు వైపు వీపు తిప్పుకుని, విస్తరి ముందుకు జరిపాడు.